ఎంతమంది పిల్లలు?

ముస్లింలం కాబట్టి ఆస్పత్రిలో మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. "ఎంతమంది పిల్లలు?" కాన్పుల వార్డులో ఆ ప్రశ్న అవసరమే, కాదనం. కానీ జ్వరమని పోయినా, పంటి నొప్పని పోయినా, బుర్ఖా కనబడితే చాలు, చీటీ రాసేవాళ్ళకి ఆ లెక్క కావాలి. ఇద్దరంటే "పర్వాలేదే!" అంటారు. నలుగురంటే పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతారు. మా ఇంటి గురించీ, మా మజహబ్ గురించీ, దేశ జనాభా గురించీ వాళ్ళ అభిప్రాయమంతా ఆ నవ్వులో వుంటుంది.

మేం అయిదుగురం. అమ్మీ మాత్రం ఆస్పత్రిలో ఒకసారి నలుగురనేది, ఒకసారి ముగ్గురనేది. ఇంటికొచ్చాక "ఇవాళ ఎవర్ని తీసేశావమ్మీ?" అని ఆటపట్టించేవాళ్ళం. నవ్వేది గానీ జవాబు చెప్పేది కాదు.

అదే ప్రశ్నని 2019లో మేం మా నోటితో ఒక రోహింగ్యా ఆడమనిషిని అడగాల్సి వచ్చింది. ఆమె చెప్పిన జవాబుని మేమే తెలుగు చేసి నర్సమ్మకి అప్పజెప్పాం. మా తర్జుమాలో ఒక్క మాట కూడా తప్పులేదు. అయినా దానివల్ల ఒక ప్రాణం పోబోయింది.

బాలాపూర్ వైపు పోతే వాళ్ళ బస్తీలు కనిపిస్తాయి. వెదుర్లు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీ బేనర్లు కలిపి కట్టిన గుడిసెలు. హైదరాబాదులో అందరూ వాళ్ళని "బర్మావాలే" అంటారు. వాళ్ళది బర్మాలోని అరకాన్, ఇప్పటి రఖైన్ రాష్ట్రం. అక్కడేమో వాళ్ళని "బెంగాలీలు" అన్నారు. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్ళు తాతముత్తాతల ఊళ్ళో వుంటూనే ఏ దేశానికీ కానివాళ్ళయ్యారు. అక్కడి ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల్లో వాళ్ళ పేరు లేదు. 2012 అల్లర్ల తర్వాత బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చినవాళ్ళలో కొన్ని వేలమంది హైదరాబాదు చేరారు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం ఊళ్ళకి ఊళ్ళు తగలబెడితే ఏడు లక్షలకి పైగా జనం బంగ్లాదేశ్ పారిపోయారు.

మేం మొదట వార్త కోసం పోయాం. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాశాం. వార్త అచ్చయ్యాక వాళ్ళు మమ్మల్నొక సాయం అడిగారు. "భాయ్‌జాన్, ఆస్పత్రికి తోడు రండి." వాళ్ళ భాష చిట్టగాంగు వైపు మాట్లాడే మాటకి దగ్గర. మదరసాలో చదివిన మగవాళ్ళకి ఉర్దూ కాస్త వచ్చు. ఆడవాళ్ళలో చాలామందికి రాదు. మేం పోయిన ఆస్పత్రిలో చీటీలు రాసేవాళ్ళది తెలుగు. ఆయాలది దక్కనీ. కేసు కాగితం మీద రాసేది ఇంగ్లీషు. ఈ మధ్యలో మేం.

ఆ రోజు ఆమెకి ఏడో నెల. భర్త కూలికి పోయాడు. పదేళ్ళ కొడుకు వెంట వచ్చాడు. తల్లి తన భాషలో కొడుక్కి చెప్పాలి. వాడు ఉర్దూలో మాకు చెప్పాలి. మేం తెలుగులో నర్సమ్మకి చెప్పాలి. ఆమె ఇంగ్లీషులో రాసుకోవాలి. కడుపులో బిడ్డ సంగతి అన్ని నోళ్ళు దాటి కాగితం మీదికి చేరాలి.

"డేట్ ఎప్పుడొచ్చిందమ్మా?" అంది నర్సమ్మ. మన ఆస్పత్రుల్లో డేట్ అంటే నెలసరి. మేం సిగ్గుపడి "తారీఖ్ కబ్ ఆయీ?" అని మాత్రం అని వూరుకున్నాం. పిల్లాడు తల్లినడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, తాము హైదరాబాదు వచ్చిన రోజు చెప్పింది. అందరూ నవ్వారు. మేం కూడా నవ్వాం.

తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. ఆమె నర్సమ్మ చేతిలో పెన్ను వైపు చూసింది. మా వైపు చూసింది. "దో" అంది, తనకు తెలిసిన ఉర్దూలో. పిల్లాడు ఏదో అనబోయాడు. వాడి చెయ్యి గట్టిగా నొక్కింది.

మేం వాళ్ళ గుడిసెలో చాయ్ తాగినవాళ్ళం. గుమ్మంలో నలుగురు పిల్లలు నిలబడి మమ్మల్ని చూడ్డం మాకు గుర్తుంది. ఆ నలుగురూ ఆమెని అమ్మా అని పిలవడం విన్నాం. అయినా "ఇద్దరంటమ్మా" అన్నాం. "నయం" అంది నర్సమ్మ, రాసుకుంటూ.

ఆ "నయం" మాకు బాగుంది. దాచడమెందుకు? ఆమె సొంత విషయం మనకెందుకని వూరుకున్నామని తర్వాత మాకు మేం చెప్పుకున్నాం గానీ అది నిజం కాదు. నలుగురంటే ఆ గదిలో వచ్చే నవ్వు ఆమె కంటే ముందు మాకు తగులుతుంది. ఆమెకి ఆ నవ్వు అర్థం కూడా కాదు. మాకవుతుంది. ఆమె చెప్పిన అబద్ధం మా పరువు కాపాడింది. అందుకే తెలుగు చేశాం.

రెండు నెలలకి కాన్పయింది. బిడ్డ క్షేమంగా బయటపడింది. నెత్తురు మాత్రం ఆగలేదు. బిడ్డ పుట్టగానే గర్భసంచి బిగుసుకుపోవాలి, అలా బిగిస్తేనే లోపలి రక్తనాళాలు మూసుకుంటాయి. కాన్పులు ఎక్కువైన తల్లికి ఆ కండరం కొన్నిసార్లు సరిగ్గా బిగవదు. ఆ సంగతి ముందే తెలిస్తే రక్తం సిద్ధంగా పెట్టుకుంటారు, సెలైన్ సూది ముందే ఎక్కిస్తారు, పెద్ద డాక్టరు దగ్గర్లో వుండేట్టు చూసుకుంటారు. ఆమె కాగితం మీద మూడో కాన్పని వుంది. ఎవరూ ఏదీ సిద్ధం చెయ్యలేదు.

పెద్ద డాక్టరమ్మ పరుగున వచ్చింది. కాసేపటికి తలుపు తీసి "ఇది మూడో కాన్పు కాదు. ఎన్నోది?" అంది. భర్త నేల చూశాడు. అప్పుడు చెప్పాం. నలుగురున్నారని. భర్త మెల్లగా ఇంకొకటి కలిపాడు. అయిదోది దారిలో పోయిందని. అంటే ఇది ఆరో కాన్పు.

బస్తీ కుర్రాళ్ళు వచ్చి రక్తమిచ్చారు. తెల్లవారుజాముకి ఆమె బతుకుతుందని తెలిసింది. డాక్టరమ్మ మమ్మల్ని కోప్పడలేదు. "మీకు ముందే తెలుసు కదా సార్, ఒక్క మాట చెప్పకపోయారా?" అంది. కేకలేస్తే ఏదో ఒకటి తిరిగి అనేవాళ్ళం. ఆ ఒక్క మాటకి మా దగ్గర జవాబు లేకపోయింది.

మూడో రోజు మా ఇంటావిడ ఆమె దగ్గర కూర్చుంది. మగవాళ్ళం కాబట్టి మేం వరండాలోనే వుండిపోయాం. బస్తీలో ఉర్దూ వచ్చిన పెద్దావిడ ఒకామె మాట కలిపింది. పిల్లాణ్ణి బయటికి పంపారు. అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని అదొక్కటే. ముగ్గురు ఆడవాళ్ళు, తలుపు దగ్గరగా వేసి, తొందర లేకుండా మాట్లాడుకోవడం.

డేట్ సంగతి అప్పుడు తేలింది. వాళ్ళ ఆడవాళ్ళు నెలసరి పేరెత్తకుండా "గుసోల్" అంటారట. మనం స్నానానికి గుస్ల్ అంటామే, అదే మాట. మేం తారీఖ్ అని అడగడం బదులు ఆ ఒక్క మాట తెలిసి, దాన్ని ఒక ఆడమనిషి అడిగివుంటే సరిపోయేది.

పిల్లల లెక్క సంగతీ తేలింది. ఆమెది మౌంగ్‌డా ప్రాంతం. అక్కడా, బుథిడాంగ్‌లోనూ రోహింగ్యాలకి ఇద్దరు పిల్లలే వుండాలని 2005లో హుకుం వచ్చింది. 2013లో అధికారులు దాన్ని మళ్ళీ ఖాయం చేశారు. నిఖా చేసుకోవాలన్నా అనుమతి కావాలి. హద్దు దాటి పుట్టిన బిడ్డ పేరు ఇంటి జాబితాలో ఎక్కదు. జాబితా పట్టుకుని మనుషులు ఇంటికొచ్చి తలలు లెక్కపెడతారు. దొరికితే జుర్మానా, జైలు. ఆ భయానికి మూడో బిడ్డని పక్కింటివాళ్ళ బిడ్డని చెప్పినవాళ్ళున్నారు. నాటు మందులతో కడుపు తీయించుకుని చచ్చిపోయిన ఆడవాళ్ళున్నారు. అలాంటి ఊళ్ళో ఆమె నేర్చుకున్నది ఒక్కటే. పెన్ను, కాగితం పట్టుకున్న మనిషి పిల్లల లెక్క అడిగితే జవాబు రెండు.

ఆస్పత్రి అన్నా వాళ్ళకి ధైర్యం కాదు. అక్కడ ఊరు దాటి పోవాలంటే పర్మిషన్ చీటీ వుండాలి. పట్నం ఆస్పత్రికి పోయినవాళ్ళు తిరిగిరారనే భయం వాళ్ళలో పాతుకుపోయింది. వాళ్ళకి వైద్యం చేస్తున్న 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థని కూడా 2014 ఫిబ్రవరిలో రఖైన్ నుంచి పంపించేశారు. అంత భయాన్ని మోసుకొచ్చిన మనిషి మన ఆస్పత్రి కౌంటరు ముందు నిలబడితే, ఇక్కడ మనం అడిగిన మొదటి మాట "ఆధార్ వుందా?" రెండో మాట "ఎంతమంది పిల్లలు?"

ఆమె అబద్ధం చెప్పలేదని మాకప్పుడు అర్థమయింది. తన ఊళ్ళో ఇంటిల్లిపాదినీ కాపాడిన జవాబే ఇక్కడా చెప్పింది. తెలిసి దాచింది మేమే.

"మీవాళ్ళే కదా, మీరే మాట్లాడండి" అంటారు ఆస్పత్రిలో. మేమూ అలాగే అనుకుని పోయాం. కలిమా ఒకటే, కిబ్లా ఒకటే, ఇంకేం కావాలనుకున్నాం. రంజాన్‌లో జకాత్ పంచాం, బక్రీద్‌కి గోష్త్ పంచాం. వాళ్ళ ఉర్దూలో తప్పులు దిద్దాం. వాళ్ళ ఎండుచేపల కూర వాసనకి ముక్కు మూసుకున్నాం. నెలసరికి వాళ్ళ మాటేమిటో, కష్టమొస్తే దాన్ని ఏమని చెప్పుకుంటారో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె మంచం మీద పడుకుని "చింతా లాగే" అని గొణిగితే మా ఇంటావిడ ఉలిక్కిపడింది. చింత! మనం తెలుగులో అనుకునే చింతే. మా మజహబ్ కలిసిందని గర్వపడిన మాకు, దుఃఖానికి వాడే మాట కూడా కలిసిందని అన్నేళ్ళకి తెలిసింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. వాళ్ళు మావాళ్ళని జుమా ఖుత్బాలో చెప్పుకుంటాం. బజార్లో కాదు. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ వాళ్ళని గుర్తించి వెనక్కి పంపమని రాష్ట్రాలకి రాసింది. 2020 హైదరాబాదు కార్పొరేషన్ ఎన్నికల ప్రచారంలో "రోహింగ్యా" అన్న మాట తిట్టయింది. పాతబస్తీలో వుండేవాళ్ళంతా ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే అన్నట్టు మాట్లాడారు. అప్పుడు మేమేం చేశాం? "వాళ్ళు వేరు, మేం వేరు, మా తాతలిక్కడే పుట్టారు" అన్నాం. ఆ మాటలో అబద్ధం లేదు. ఆస్పత్రిలో మా తర్జుమాలో కూడా అబద్ధం లేదు కదా.

తెలుగువాళ్ళకి బర్మా కొత్తకాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్‌కి కూలికి పోయిన తెలుగువాళ్ళని అక్కడ "కొరంగీలు" అని తక్కువచేసి పిలిచారు. 1942లో జపాన్ దాడికి వాళ్ళు అడవుల వెంట నడిచి తిరిగొచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఇంకొందరు అన్నీ వదులుకుని వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. తరిమేస్తే వచ్చిన మనిషికి ముందు నీడ, తర్వాత మందు ఇవ్వాలని ఈ నేలకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ ఇబ్బంది ఒక్క హైదరాబాదుది కాదు. అమెరికాలో మెర్సిడ్ అనే ఊరికి లావోస్ నుంచి మోంగ్ శరణార్థులు వచ్చారు. మూర్ఛరోగమున్న ఒక మోంగ్ పాప కథని ఆన్ ఫాడిమన్ 1997లో పుస్తకంగా రాసింది. డాక్టర్లు మంచివాళ్ళే, తల్లిదండ్రులు ప్రాణం పెట్టేవాళ్ళే. మధ్యలో మాట లేదు. మందుసీసా మీద రాసింది తల్లిదండ్రులు చదవలేరు, జబ్బు గురించి వాళ్ళ నమ్మకం డాక్టర్లకి తెలియదు. ఆ పాప మెదడు పాడైపోయింది. అంతకుముందే 1978లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే డాక్టరూ అతని తోటివాళ్ళూ ఒక చిన్న పద్ధతి చెప్పారు. రోగిని మీ జబ్బుకి మీరేం పేరు పెట్టుకున్నారని అడగండి, ఎందుకొచ్చిందనుకుంటున్నారో అడగండి, మీకన్నిటికంటే దేనికి భయమో అడగండి. ఆ చివరి ప్రశ్నకి మిషను అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. ఆ రోజు మేం దాన్ని అడిగివుంటే చాలు.

ఆమె ఆడబిడ్డ కుటుంబానికి అమెరికాలో మిల్వాకీలో పునరావాసం దొరికింది. ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా నూటికి ఒక్కరికి కూడా దొరకని అదృష్టమది. అక్కడి ఆస్పత్రిలో డాక్టరు ఒక మీట నొక్కితే ఫోన్లోంచి రోహింగ్యా మాట వినబడిందట. వినగానే ఏడ్చేసిందట. అయినా ఎంతమంది పిల్లలని అడిగితే ఆమె కూడా "ఇద్దరే" అందట! భాష దొరికినా భయం పోలేదు. మళ్ళీసారి ఫోన్లో ఒక ఆడగొంతు, ముందుగా "ఇక్కడ పిల్లలెక్కువైతే శిక్ష లేదు చెల్లీ. ఈ లెక్క డాక్టరుకే, పోలీసుకి పోదు. నెత్తురు పోకుండా చూడ్డానికి అడుగుతున్నారు" అని చెప్పిందట. అప్పుడు నిజం చెప్పిందట.

మన దగ్గర ఇది కుదరదా? కుదురుతుంది. పెద్ద ఖర్చూ కాదు. బస్తీలో ఉర్దూ, కొంచెం తెలుగు వచ్చిన రోహింగ్యా ఆడవాళ్ళని నలుగురిని ఎంచి, నేర్పించి, వాళ్ళ పనికి కూలి కట్టివ్వాలి. సేవ పేరుతో వూరికే చేయించుకోకూడదు. తల్లి కడుపు సంగతి పిల్లాడి నోట చెప్పించకూడదు. మాలాంటి మగవాళ్ళు తలుపు బయటే వుండాలి. ప్రశ్న అడిగే ముందు ఎందుకడుగుతున్నామో, జవాబు ఎక్కడికి పోతుందో చెప్పాలి. అంగన్‌వాడీ టీచరమ్మలకీ, ఆశా కార్యకర్తలకీ మౌంగ్‌డాలో ఏం జరిగిందో ఒక గంట కూర్చోబెట్టి చెప్పాలి. అన్నిటికంటే ముందు, కార్డు చూడ్డం వేరు, నాడి చూడ్డం వేరు అని కౌంటరు దగ్గర తెలియాలి.

వాళ్ళకి హక్కేముందని అడిగేవాళ్ళున్నారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, నిజమే. రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ వాళ్ళకి అందదు, అదీ నిజమే. కానీ రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికి కాపు కాసేటప్పుడు "పౌరుడు" అనలేదు, "వ్యక్తి" అంది. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. చక్మాలు వచ్చింది కూడా చిట్టగాంగు కొండల నుంచే.

ఇప్పుడు మేం ఆస్పత్రికి తోడు పోవడం తగ్గింది. ఆమే పోతోంది. ఆరు కాన్పుల మనిషి, చావు దాకా పోయొచ్చిన మనిషి, బస్తీలో గర్భిణీలని వెంటబెట్టుకుని పోయి పక్కన కూర్చుంటుంది. ఇంకా తెలుగు సరిగ్గా రాదు. ఆయాతో దక్కనీలో చెబితే ఆయా నర్సమ్మకి తెలుగులో చెబుతుంది. లెక్క మాత్రం తప్పడం లేదు. కౌంటరు దాకా రాకముందే, గుడిసెలోనే, తన కథ మొత్తం చెప్పి అప్పుడు అడుగుతుందట.

ఈ వ్యాసం రాస్తూ మేం అమ్మీ దగ్గరికి పోయాం. ముసలిదైపోయింది. చెవులు సరిగ్గా వినబడవు. గట్టిగా అడిగాం. "అమ్మీ, ఆస్పత్రిలో ఒకర్నో ఇద్దర్నో తీసేసేదానివే, ఎవర్ని తీసేసేదానివి?"

"ఎవర్నీ తీసెయ్యలేదు బేటా" అంది. "అడిగేవాళ్ళ మొహం చూసి చెప్పేదాన్ని."